తెల్లబడ్డ అద్దం

బొమ్మ అనకండి వదినా. ఇంకేమైనా అనండి, పడతాను. బొమ్మ మాత్రం అనకండి.

మీ తమ్ముడూ ఇదే మాట. "ఒక బొమ్మ కోసం మొగుడి పరువు తీస్తావా?" అని పొద్దున గిన్నెలు తోముకుంటున్న నా వీపుతో పోట్లాడి వెళ్ళారు. వెళ్ళి మీకు ఫోన్ చేశారు. మీరు ఇంత ఎండలో పడి వచ్చారు. కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ కాదు, దానిమీద నా విమానం రెక్కలు ఆరుతున్నాయి. ఇలా రండి.

ఏమిటీ? ఈ సాయంత్రం లోపల ఆయనకి నేర్పాలా?

భలే! దానికేం, అలాగే నేర్పేద్దాం.

రేపే కదా వాళ్ళ ఆఫీసులో ప్రదర్శన. ఉద్యోగులు తీరిక వేళల్లో తమ చేతులతో చేసినవి తెచ్చి పెట్టాలి, మంచివాటికి బహుమతులు. మూడుసార్లు మొదటి బహుమతి మీ తమ్ముడికే వచ్చింది. ఆ మూడు చిన్న ప్లాస్టిక్ విమానాలూ మేనేజరు గది బయట అద్దాల బీరువాలో ఉన్నాయి, కింద ఆయన పేరు. చేసింది నేనని నాకు తెలుసు, ఆయనకి తెలుసు, మీకూ తెలుసు. ముగ్గురమూ ఎంత మంచివాళ్ళమో, ఎవ్వరికీ చెప్పలేదు.

మొదటిసారి నేనే ఇచ్చాను, కాదనను. "నీ పేరు పెడితే తీసుకోరు, ఉద్యోగులవే పెట్టాలి. అయినా నీది నాది అని ఉందా మనకి?" అన్నారు. జీతం విషయంలో మాత్రం ఉంటుంది లెండి. సరే, ఆ కబురు ఇప్పుడెందుకు.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా కొత్త మేనేజరుతో. బహుమతి ఇచ్చేముందు ఎవరి పని వాళ్ళు అందరి ముందూ బల్ల దగ్గర కూర్చుని కాసేపు చేసి చూపించాలన్నాడట. పాపం, ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉంటాడు. ఎంత మంది ఇళ్ళల్లో ఈపాటికి వదినలు ఎండన పడి తిరుగుతున్నారో!

నవ్వకండి. నవ్వితే నాకూ నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది.

సరే, వినండి, వెళ్ళి చెబుదురుగాని. ముందు ఫ్యాన్ ఆపాలి. ఎంత ఉక్కగా ఉన్నా సరే. గాలికి చిన్న ముక్కలు ఎగిరిపోతాయి. బియ్యపు గింజంత చక్రాన్ని నేలమీద వెతకడం ఎలా ఉంటుందో మీ తమ్ముడికి తెలీదు. ఆయనకి పోయిన వస్తువేదీ ఆయన వెతకలేదు కదా ఇన్నేళ్ళలో. "ఏమేవ్!" అంటే దొరుకుతుంది.

రంగు వేసే రోజు గదంతా తడిబట్టతో తుడవాలి. ఆ తడి ఆరేలోపల రంగు వేసెయ్యాలి. అప్పుడు దుమ్ము లేవదు. తడిబట్ట ఎక్కడుంటుందో ముందు ఆయనకి చూపించండి.

పెట్టెలో విమానం ముక్కలు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని చేత్తో విరవకూడదు. కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలింది గరుకు కాగితంతో అరగదియ్యాలి. గోరుతో తడిమితే ఎక్కడా తగలకూడదు. నేను కళ్ళు మూసుకుని తడుముతాను. కళ్ళు సర్దుకుపోతాయి వదినా, గోరు సర్దుకుపోదు.

ఇంకా... ముక్కులో బరువు పెట్టాలి. రెండు సగాలూ అతికించకముందే. లేకపోతే విమానం తోక మీద కూలబడుతుంది, ముందు చక్రం గాల్లో ఉంటుంది. ఒకసారి అతికించేశాక ఇంక లోపలికి దారి ఉండదు. నేను చేతికి ఏది దొరికితే అది పెడతాను. ఆ బీరువాలో మొదటిది ఉంది చూడండి, దాని ముక్కులో నా చెవిదిద్దు మర ఉంది. దిద్దు పోయింది, మర మిగిలింది. మీ తమ్ముడి పేరు మీద నిలబడ్డ ఆ విమానాన్ని నిలబెట్టింది అదే. ఎవరూ విప్పి చూడరు కదా, ఉండనివ్వండి.

అన్నిటికన్నా పెద్ద నియమం, కోపంలో ఉన్నప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. చెయ్యి వణికిందా, జిగురు బొట్టు ఎక్కువ పడిందా, ఇక అంతే. ఆ జిగురు పైపైన అంటించదు. ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. రెండు ముక్కలూ కొంచెం కొంచెం కరిగి ఒకటవుతాయి. 

ఏమన్నారు, పెళ్ళిలాగానా? కాదు వదినా. ఇక్కడ రెండూ కరుగుతాయి.

అందుకే ఈ ఇంట్లో విమానాలు అంత నెమ్మదిగా తయారయ్యాయి. కోపం రాని రోజులు ఏరుకోవాలి కదా.

అసలు ఇది మొదలైందే అమ్మాయి పుట్టినరోజుకి వచ్చిన విమానం ముక్కల పెట్టెతో. అది అరగంట ఆడుకుని విసిరేసింది. ఊడ్చి పారెయ్యబోయాను. చేతిలో ఒక రెక్క ఉంది. ఇంత పల్చన! దాని మీద సన్నటి గీతలు, రేకు రేకుకీ మధ్య అతుకులతో సహా. ఎవరో ఇంత శ్రద్ధగా చేస్తే చెత్తలో వేస్తామా అనిపించింది. చీపురు గోడకి చేరేసి కూర్చున్నాను. ఆవేళ వంట ఆలస్యమైంది. మీ అమ్మగారు అన్న మాటలు మీకు గుర్తుండకపోవచ్చు, నాకున్నాయి.

ఇంకొకటుంది నాకు. పైలట్‌ని కూర్చోబెట్టను. ప్రతి పెట్టెలోనూ ఒకడొస్తాడు, గడ్డం పైకెత్తుకుని. నా విమానాల్లో ఆ సీటు ఖాళీగానే ఉంటుంది. తలుపులు, బెల్టులు, మీటలు అన్నీ పెట్టి, సీటు తుడిచి ఖాళీగా ఉంచుతాను. ఇన్నేళ్ళుగా అంతే.

రేపటికి ఆయన అడుగుతున్న ఈ కొత్తదాంట్లో మాత్రం కూర్చోబెట్టాను.

ఇదుగో, ఇలా వెలుతురులోకి రండి. కనిపించదు, తెలుసు. నేను చెబుతాను. ఆ మగవాణ్ణే తీసుకుని గడ్డం చెక్కేశాను, భుజాలు తగ్గించాను. కుట్టుదారం పేని జడ అల్లాను. కళ్ళజోడు పెట్టాను, సన్నటి రాగి తీగతో. మొహం వెయ్యడానికి కుంచెలో వెంట్రుకలు కత్తిరించుకుంటూ పోయి చివరికి రెండో మూడో ఉంచాను. నవ్వడం లేదు ఆవిడ. పని చేసుకుంటోంది. అంతే. ఒక చెయ్యి మీట మీద ఉంది.

"ఇది మాత్రం ఇవ్వనండీ" అన్నాను. జీవితంలో మొదటిసారి, ఇవ్వను అని. విన్నట్టే తలూపారు.

మొన్న దీన్ని ఇక్కడ బల్లమీద పెట్టాను, పైలట్ తల మీది ఈ అద్దం మూత విడిగా పెట్టి. మూత ఎప్పుడూ ఆఖరున. అదీ తెల్ల జిగురుతో, పుల్ల కొనతో ముట్టించి, ఒక రాత్రంతా వదిలెయ్యాలి. మీ తమ్ముడికి అంత తీరిక లేదు. మనం తెగిన చెప్పులకి వేస్తామే, క్షణంలో పట్టేసే జిగురు, అది వేసి అంటించేశారు. దాని ఆవిరి తగిలితే ఇలాంటి అద్దం తెల్లబడిపోతుంది. మంచు పట్టినట్టు. అదీ లోపలి వైపు.

నా విమానాలన్నిటిలోనూ ఆయన స్వయంగా చేసిన పని ఇదొక్కటే.

మర్నాడు కాఫీ దగ్గర తెచ్చి నా ముందు పెట్టారు. "దీన్ని కాస్త తుడిచిపెట్టు" అన్నారు. తన కళ్ళజోడు ఇచ్చినట్టు! తుడిస్తే పోయేది కాదండీ, లోపల పట్టింది, మూత పగలగొట్టాలి, పగలగొడితే ఆవిడా పోతుంది అన్నాను. "ఏ ఆవిడ?" అన్నారు.

చూశారా? ఏ ఆవిడ అట! మూత పెట్టేముందు లోపల ఎవరున్నారో వంగి చూడను కూడా లేదు మనిషి.

ఆఁ? నేను పక్కన కూర్చుంటే చాలా? వేదిక మీదా? గరుకు కాగితం, కత్తెర అందిస్తూనా! బాగుంటుంది. "భార్య కూడా ఎంత సహకరిస్తుందో" అంటారు. నాకూ ఒక పూలగుత్తి ఇస్తారేమో.

చేతికి కట్టు కట్టుకుని వెళ్ళడమా? అది మీ ఆలోచనా, ఆయనదా? మంచిదే. ఏ చేతికి కట్టుకున్నారో మాత్రం గుర్తుంచుకోమనండి. మధ్యలో చప్పట్లు కొట్టేస్తారు.

వదినా, మీ ఆయన దుకాణం లెక్కలు మీరే చూస్తారు కదా. "మా ఆయన లెక్కల్లో పులి" అని పెళ్ళిళ్ళలో చెప్పేదీ మీరే. నేనేమీ అనడం లేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి.

కొత్తది ఎలా చేస్తాను రేపటికి? ఇది బాగయ్యేది కాదు. బాగయ్యేదే అనుకున్నా నేను చెయ్యను. ఇవ్వనన్నదాన్ని తీసుకున్నారు కదా, అలాగే పెట్టుకోమనండి. చూసేవాళ్ళు ముందు వంగి చూసేది ఆ అద్దంలోకే. ఇలా ఎందుకు తెల్లబడిందండీ అని మొదటి ప్రశ్న అదే అడుగుతారు. చేసినవాడు కదా, చెబుతాడు.

ఏమిటలా చూస్తున్నారు?

ఇంట్లోనే ఉన్నాను వదినా. అవును. మొన్న సాయంత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఈ గుమ్మంలోనే ఉన్నాను. ఆయన సొరుగు లాగడం చూశాను. ట్యూబు మూత పళ్ళతో కొరికి తియ్యడం చూశాను. ఏ జిగురో చూశాను. నా చేతిలో ఉతికిన బట్టలున్నాయి. "అది కాదండీ" అంటే చాలు, ఆగిపోయేవారు. ఆయన గ్లాసులో నీళ్ళు తగ్గాయని చూడకుండానే తెలిసే మనిషిని నేను. ఆ మాట నోటిదాకా రాలేదంటే మీరు నమ్ముతారా?

వచ్చింది. మింగేశాను.

లోపల ఆవిడ మీట మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. ఇంకాసేపట్లో ఆవిడ ఇంకెవరికీ కనబడదని ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆయన మూత పెట్టి బొటనవేలితో నొక్కారు. "అంతే! దీనికింత రాద్ధాంతం" అని తనలో తనే అనుకున్నారు. నేను వెనక్కి వెళ్ళి బట్టలు మడత పెట్టుకున్నాను. ఆయన చొక్కాలతో సహా.

చెబితే చెప్పండి మీ తమ్ముడికి, నాకేం భయం లేదు. నేను కావాలనే చెడగొట్టనిచ్చానని రేపు అక్కడ అందరి ముందూ తిట్టమనండి. తిట్టాలన్నా ముందు అది నేను చేసిందని చెప్పాలి కదా.

చెప్పమనండి.