మూడు రోజుల కట్టు

జూన్ ఎండలో, ఆ బొగ్గుగనుల ఊరి లైబ్రరీ ముందు పిల్లలకు ఉచితంగా సైకిల్ హెల్మెట్లు పంచుతున్నారు. మనవరాలు టెస్సాను వెంటబెట్టుకుని ఒక ముసలావిడ, హెల్మెట్లు ఇస్తున్న నర్సు బల్ల దగ్గరికొచ్చింది.

"పాప చేతికి ఆ కట్టేంటి పెద్దమ్మా?"

"సైకిల్ మీంచి పడింది. బెణికిందంతే."

"బెణికితే ఇంత వాపా? ఎప్పుడు పడింది?"

"మంగళవారం."

"ఇవాళ శుక్రవారం! ఆసుపత్రికి తీసుకెళ్లలేదా?"

"దీని ఆరోగ్య ఇన్సూరెన్స్ పోయిందమ్మా, అది లేకుండా ఆసుపత్రి ఖర్చు నావల్ల కాదు. ఏప్రిల్లో వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, రద్దు చేశారనే అనుకున్నా. విప్పి చూడ్డానికి భయమేసి డ్రాయర్లో పడేశాను."

"పాప వివరాలు చెప్పండి, ఇప్పుడే కనుక్కుందాం."

నర్సు ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి కాసేపు మాట్లాడింది.

"పోలేదు పెద్దమ్మా. ఇంకో ఏడాది పొడిగించామని చెప్పడానికే ఆ ఉత్తరం పంపారట."

"అంటే, మంగళవారమే తీసుకెళ్లే వీలుండేదా?"

"ఉండేది."



"నొప్పని ఏడుస్తుంటే కసిరాను తల్లీ. నాటకాలాడకే అన్నాను."

"ఇప్పుడైనా పదండి. నా కార్లో వెళ్దాం."

ఆవిడ వంగి మనవరాలి మొహంలోకి చూసింది.

"బాగా నొప్పిగా ఉందా బంగారం?"

"లేదు అమ్మమ్మా, అస్సల్లేదు," అంది టెస్సా, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.