దాలినాయుడి చెవుల్లో దూది

దాలినాయుడు తెల్లారకముందే లేచి, చెవుల్లో ఇంతింత దూది కుక్కుకుని, అరుగుమీద కళ్ళుమూసుకు కూర్చునేవాడంట. ఎందుకూ? దేవుణ్ణి చూద్దామని. కొండమీద సాములోరు చెప్పారంట, నాయనా, నలభై ఒక్క రోజులు మనసు కదలకుండా కూర్చో, ఆఖరిరోజు నా దగ్గరికి రా, నీ చెవిలో ఒక మంత్రం చెబుతాను, దాంతో ఈ బతుకెందుకో, ఇన్ని పాట్లెందుకో నీకే తెలిసిపోద్ది అని. ఇంకేముంది, మనోడు గాల్లో తేలిపోతన్నాడు. మరి దూదెందుకంటారా? పెళ్ళాం పారమ్మ ఉందిగా! అరుగు పక్కనే పశువులసాల. సరిగ్గా ఈయన కళ్ళుమూసే వేళకే ఆవిడ గేదె దగ్గర చెంబు పెట్టుకు కూర్చుంటది. కూర్చుని ఊరుకుంటదా? చెంబు నిండేదాకా నోరు మూయదు. ఆవిడేమంటదో వీధి వీధంతా తెలుసు, ఈయనొక్కడికే తెలీదు. దూది కదా.

ఏమైందంటే, ఇంకో వారంలో నలభై ఒకటీ నిండుతాయనగా పారమ్మ చెల్లెలు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కబురొచ్చింది. పారమ్మ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆ దూది తనే లాగిపారేసి చెప్పిందంట, "ఇదిగో, నాలుగు రోజుల్లో వస్తాను. దూడ పోయిన గేదె మన గౌరి. రెండ్రోజులు పాలు దించకపోతే వట్టిపోద్ది. మనకున్నదల్లా ఆ ఒక్క పాడిగేదే. అది వట్టిపోయిందా, నీ జపం పొయ్యిమీద పెట్టి వండుకు తిందాం" అని. మనోడు నవ్వాడు. పాలు పితకడమెంత పనే, కొండంత మనసునే కట్టేసినోణ్ణి, గేదెని కట్టలేనా అన్నాడంట.

మర్నాడు పొద్దున్నే చెంబుచ్చుకుని కూర్చున్నాడు. రామరామ అంటూ పొదుగు తాకాడు. గేదె వెనక్కి తిరిగి ఒకసారి చూసింది. ఎవడ్రా నువ్వన్నట్టు చూసింది. చూసి, తన్నింది. చెంబు పోయి గడ్డివాములో పడింది, రాముడు ఎక్కడ పడ్డాడో తెలీదు. తవుడు పెట్టాడు, తినేసి తన్నింది. గోవిందనామాలు పాడాడు, ఇని తన్నింది. పక్కింటి సూరీడమ్మ గోడమీంచి చూసి, "బావా, పశువుకి వాసన ముఖ్యం. అక్క చీరొకటి కట్టుకో" అంది. కట్టుకున్నాడు. నవ్వకండి, మీరైతే ఏం చేస్తారు? పచ్చ చీర, నెత్తిమీద కొంగు, దాని కిందనించి మీసం. గేదె వాసన చూసింది, బుగ్గ నాకింది, ఆయన ఆశగా చెంబు పెట్టాడు. ఎంత పిండినా చుక్క లేదు. పాపం, అదీ దేనికోసమో ఎదురుచూస్తన్నట్టు చెవులు రిక్కించుకుని నిలబడిందంట.

రెండో రోజుకి పొదుగు రాయిలా అయింది. గేదె మేత ముట్టట్లేదు. మనోడికి దేవుడూ లేడు, దెయ్యమూ లేదు, కళ్ళుమూస్తే పొదుగే కనపడతంది. ఆ చీరలోనే గోడ దగ్గరికి పోయి ఏడ్చినంత పనిచేశాడు. సూరీడమ్మ అడిగింది, "మరి తిట్టావా?"

"గేదెనా?"

"గేదెనెందుకు తిట్టడం! నిన్ను."

ఈయనకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పిందంట సూరీడమ్మ. దూడ పోయిన రోజున గేదె పాలివ్వలేదు బావా, అక్క దాని పొట్టకి తల ఆనించి, నీకో కష్టం, నాకు నూరు కష్టాలే అని మొదలెట్టి తన గోడు మొత్తం చెప్పుకుంది, అది ఇనుకుంటా పాలు దించేసింది. అప్పట్నించీ రోజూ అంతే. "మా గేదె కూడా గోడవతల ఇనే దించుద్ది. నాకు కంఠతా వచ్చు, నువ్వు నేర్చుకో" అంది.

ఇంక చూడండి ఆ చోద్యం. గోడకటుపక్క సూరీడమ్మ ఒక ముక్క చెప్పడం, ఇటుపక్క చీరకట్టుకున్న దాలినాయుడు చేతులు కట్టుకుని ఆ ముక్క అనడం. "ఓలమ్మా, ఇన్నావా? కాపరానికొచ్చిన ఏడాదే ఇల్లు కారతందన్నాను, ఇప్పటికీ కారతానే ఉంది. ఈడు ఆకాశంలో దేవుణ్ణి ఎతుకుతున్నాడంట. ఆ కప్పు కన్నంలోంచి చూస్తే కనపడడా?" మనోడు అన్నాడు. "పులుసులో ఉప్పు లేదని మూతి తిప్పాడు. నాకు పులుసే మిగల్లేదు, అది కనపడిందా?" అదీ అన్నాడు. సూరీడమ్మ విసుక్కుంది, "పురాణం చదివే పంతులులా చదవకు బావా, కడుపులోంచి రావాలి!"

గేదె దగ్గరికి పోయి తల ఆనించాడు. వెచ్చగా ఉందంట. లోపల దాని గుండె కొట్టుకోవడం ఇనపడిందంట. నేర్చుకున్నదంతా అన్నాడు, ఆఖరి ముక్కకొచ్చాడు. "నువ్వు కుడితి తాగకపోతే నేనడుగుతాను. నేను తిన్నానో లేదో ఈ ఇంట్లో అడిగే దిక్కెవరే తల్లీ?" ఆ మాట అనేసరికి సూరీడమ్మ చెప్పని ముక్క ఒకటి తనంతట తనే వచ్చేసింది. "మొన్న ఒళ్ళు కాలిపోతా కూడా పారమ్మ నిన్ను పితికిందే గౌరీ. మూలుగు ఇనపడింది నాకు. దూది ఇంకాస్త కుక్కుకున్నాను." అంతే. చుయ్‌మని చెంబులో ధార పడింది. గోడవతల సూరీడమ్మ గేదె కూడా దించేసిందంట, ఆవిడ చెంబు కోసం పరిగెత్తింది.

పారమ్మ నాలుగోరోజు ఇంకా ఎలుగు రాకముందే వచ్చేసింది. సాలలో చూస్తే తన పచ్చ చీర! "ఈ దాలిగాడికి ఆరేడు చోట్ల కారే కప్పు కనపడదే తల్లీ" అంటంది ఆ చీర. పారమ్మ వెనకనించి, "ఎనిమిది చోట్ల" అంది. మనోడు ఉలిక్కిపడి తిరిగాడు. ఏమంటాడు, నోట్లోంచి ఒకటే మాటొచ్చింది, "తిన్నావే?" "ఈ వేళప్పుడు ఎవరు తింటారయ్యా?" అని కసిరి, కొంగుతో మొహం తుడుచుకుందంట. మాట ఆపేశారని గేదె ఇద్దర్నీ కలిపి తన్నింది.

నలభై ఒకటో రోజున దాలినాయుడు కొండెక్కాడు. సాములోరు, "రా నాయనా, చెవి ఇటు పెట్టు, మంత్రం చెబుతా" అన్నారు. ఈయన, "నాకు మంత్రం వచ్చేసింది సామీ, మా ఆడది కట్టింది" అన్నాడు. ఏదీ, చెప్పు అన్నారాయన. పదిమందిలో చెప్పేది కాదు కదా, మనోడే ఆయన చెవి దగ్గర నోరుపెట్టి మొదట్నించి ఆఖరిదాకా చెప్పాడంట. సాములోరు ఇన్నారు. లేచి, కమండలం చంకన పెట్టి, చెప్పులు తొడిగారు. ఎక్కడికి సామీ అని శిష్యులు కాళ్ళకడ్డం పడితే, "మా ఊరికి. మా ఇంటిది తిన్నదో లేదో అడిగి ఇరవై రెండేళ్ళయింది" అన్నారంట.

ఆ తర్వాత సాములోరు మళ్ళీ కొండెక్కలేదంటారు. దేవుడు కనపడ్డాడో లేదో నన్నడక్కండి. మీ ఇళ్ళల్లో పితికే వేళయింది, లెగండి, పోయి చెవులు పెట్టి ఇనండి.