తిప్పన్న ఎత్తని రాయి

తిప్పన్నను మంచం మీద మోసుకొచ్చినారంట కోటకి. నలుగురు మోసినారు, మనిసికి సోయి ల్యా. బోయ తిప్పన్న అంటే ఎవురనుకుంటిరి, పాలెగాడి దండులో ఈటె పట్టిన బంటు, పరిగెత్తినాడంటే గుర్రం పక్కన సమానంగా పోయేవాడంట. అట్లాంటోనికి కుడి మోకాలు పగిలిపాయ. ఇప్పుడు ఆ కోటలో ఒక ఆచారం ఉండె, అది చెప్పకపోతే మీకు కత అర్థం కాదు. దండు కొట్లాటకి పోయేటప్పుడు ఒక్కో బంటు తన ఊరి వంకలో నుంచి తెచ్చుకున్న రాయిని వాకిలి పక్కన కుప్పలో పెట్టి పోవాల. తిరిగొచ్చినోడు తన రాయి తానే ఎత్తి, భుజం మీంచి వెనకాల లోయలోకి ఇసిరెయ్యాల. కుప్పలో మిగిలిన రాళ్లెన్నో, సచ్చినోళ్లు అంతమంది. ఒకరి రాయి ఒకరు ఎత్తకూడదు. మరి సోయి లేనోడు ఎట్లెత్తుతాడు? మంచం ముందరి కోడు మోసినోడు గాదిలింగ, తిప్పన్న జతగాడు, వాడేం చేసినాడంటే, పాపం మా బావ రాయి నేనే ఎత్తుతాలే అని వంగి, చేతికందిన రాయి తీసి ఇసిరేసినాడు. మంచి మనసుతోనే చేసినాడనుకో. చేసింది మాత్రం పాడు పని.

మూడో నాటికి తిప్పన్నకు తెలివొచ్చె. పాలెగాడే మంచం కాడికి వచ్చినాడంట. "తిప్పన్నా, నీ నెత్తురు నా వాకిట్లో పడింది, నేను మరిసేవాణ్ణి కాదు. మూడు దోవలుండాయి నీకు. కాలు నయమయ్యేదాకా తిని పడుకో, నయమైతే మళ్లా ఈటె పట్టు. నయం కాకపోతే వాకిలి మీద కావలి కూర్చో, నీ సంగటి నీకొస్తుంది. ఇదంతా వద్దంటావా, వంక పక్కన చేను మాన్యంగా ఇస్తా, ఈటె అప్పజెప్పి ఇంటికి పో. కానీ ఒక్కసారి అప్పజెప్పినావంటే మళ్లా బంటువు కావు. వచ్చే సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పు" అన్నాడంట. తిప్పన్న మనసు ఎట్లుంటుందో చూడండి. పదహారేండ్లకు ఈటె పట్టినాడు. అది లేకపోతే వాడెవుడు? ఇంటికాడ పెండ్లాం సుంకమ్మ ఉండాది, ఆమె కావాల. ఈటె కూడా కావాల. ఏదీ తెగక పైకప్పు చూసుకుంటా పండుకున్నాడు.

ఆ మద్దేనమే మొదలాయ. ఆ కోటలో ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు డప్పు కొట్టి, ఒక ముసలోడు బంట్ల పేర్లు పిలిచేవాడు. పేరు పిలిస్తే ఎవురికి వాళ్లు "ఉండా" అనాల. "తిప్పన్నా!" అన్నాడు ముసలోడు. తిప్పన్న నోరు తెరిసే లోపలే, మంచం కాళ్లకాడ నుంచి "ఉండా!" అని ఇంకో గొంతు పలికె. చూస్తే ఉరుకుంద కూర్చోని ఉండాడు. తల నిండా దుమ్ము. ఉరుకుంద ఎవుడంటే, ఇల్లూ వాకిలీ, అమ్మా అబ్బా ఎవురూ లేని ఒంటరి బంటు. ఆ కొట్లాటలోనే ఈటె రొమ్ములో దిగి వాడు పడిపోతా ఉంటే తిప్పన్న కండ్లారా చూసినాడు. "నువ్వు సచ్చిపోతివి కదరా" అన్నాడు. "సచ్చినా. కానీ నా రాయి ఎత్తినారే. నీది కుప్పలోనే ఉండాది. లెక్కలో నేను తిరిగొచ్చినోణ్ణి, నువ్వు రానోడివి. నేనేం చేసేది తిప్పన్నా?" అని మెల్లగా అన్నాడంట, కోపం లేదు ఏం లేదు, ఆకలైనోడు అన్నం అడిగినట్టు.

మొదటి దినం గొంతు పోయిందా, రెండో దినం సంగటి పోయె. సంగటి పెట్టేటామె ఈయన తట్టను దాటిపోతాంటే, "అక్కా, నాకు?" అన్నాడు. "నీకు పెడితి కదప్పా ఇప్పుడే" అని గోడ వైపు చూపించింది. గోడకి ఆనుకోని ఉరుకుంద తింటా ఉండాడు. మూడో దినం గాదిలింగ వచ్చి, మంచం దాటుకోని పోయి, గోడకాడ నిలబడి "ఏం బావా, నొప్పి తగ్గెనా" అని ఆ సచ్చినోణ్ణి అడగబట్టె! తిప్పన్న అరిస్తే వానికి వినపడల్యా. అప్పుడు పుట్టింది భయం. ఈటె పట్టాలనా, కావలి కూర్చోవాలనా అని నేను ఎంచుకుంటా కూర్చుంటే, కుప్ప నన్ను ఎంచుకునిందే అని ఏడ్చినాడంట అంత మొగోడు.

ఆదివారం మద్దేనానికి సుంకమ్మ వచ్చె, గుడ్డలో సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి కట్టుకోని. మంచం మీద చూసింది. ఖాళీ మంచం చూసినట్టు చూసింది. "గాదిలింగన్నా, మా ఇంటాయన యాడ?" అనడిగె. గాదిలింగ, "అదో, గోడకాడ నిలబడుకోని ఉండాడు కదమ్మా" అన్నాడు. ఆమె అటు నాలుగడుగులు పోయింది. మొగం చూస్తే మొగుడే. నవ్వు చూస్తే మొగుడే. కిందికి చూసింది. చూసి నిలబడిపాయ. "మోకాలు పగిలిందని చెప్పి పంపితిరి. ఈయప్ప కాళ్లు రెండూ బాగుండాయే. ఈయన ఎవురో నాకేం తెలుసు?" అని వెనక్కి తిరిగె. ఆడోళ్ల కన్ను అంటే అది! తిరిగి ఆ ఖాళీ మంచం మీద చెయ్యి పెట్టి తడిమింది. గుడ్డ కట్టిన మోకాలు చేతికి తగిలె. తగిలినాక మనిసి కనపడె. "ఇంటికి రా" అనింది.

తిప్పన్న ఒక చేత్తో ఈటె ఊతంగా, ఇంకో చేత్తో సుంకమ్మ చెయ్యి పట్టుకోని లేసినాడు, ఆమె పట్టుకున్నాక అందరికీ కనపడె. పాలెగాని ముందర నిలబడి "దొరా, చేనే కావాల" అన్నాడు. "మంచిదిలే, పోయేటప్పుడు ఈటె రాళ్లకాడ పెట్టి పో" అన్నాడు దొర. కుంటుకుంటా కుప్పకాడికి పోయినాడు. తెల్లచార ఉండే రాయి, వాళ్ల వంక రాయి, చూస్తూనే గుర్తుపట్టినాడు. వంగబోతే ఎదురుగా ఉరుకుంద. "అది ఎత్తితే నువ్వు బతికినోడివి. నా రాయి లోయలో పడె, కుప్పలో నాకు చోటు ల్యా. నీకు ఇల్లుండాది తిప్పన్నా. నాకీ కోట తప్ప ఏముండాది?" అన్నాడు. పాపం నిజమే కదా. "ఈ ఈటె తీసుకో" అన్నాడు. వాడు తీసుకోల్యా. "నా కావలి చోటు నీదే" అన్నాడు. వాడు కదల్యా. "పేరు పిలిస్తే పలకాల కదా. నా పేరు పిలిచేవాళ్లు ఎవురూ లేరు" అన్నాడు ఉరుకుంద. అప్పుడు తెలిసె తిప్పన్నకు, వాడు అడిగేదేందో. వాళ్లమ్మ పెట్టిన పేరు. దండంతా అరిచిన పేరు. "సరే, అదీ తీసుకో" అన్నాడు. అని రాయెత్తి, భుజం మీంచి ఇసిరేసినాడు. చేతిలో ఈటె లేదు చూస్తే.

సుంకమ్మ భుజం పట్టుకోని వాకిలి దాటినాడో లేదో, లోపల డప్పు కొట్టిరి. "తిప్పన్నా!" అని ముసలోడు పిలిచె. అలవాటైన నోరు కదా, తెరుసుకోబోయె. సుంకమ్మ చెయ్యి అడ్డం పెట్టి గట్టిగా మూసింది. వెనకాల కోటలో నుంచి "ఉండా!" అని వినపడె. వాడి గొంతే, అచ్చం వాడి గొంతే.

అప్పట్నుంచి చేన్లో ఉన్నా సరే, మద్దేనమయ్యేసరికి నోట్లో సంగటి ముద్ద పెట్టుకోని కూర్చునేవాడంట, పొరపాటున యాడ పలికి, ఇచ్చిన పేరు మళ్లా లాక్కుంటాడో అని. మరి పేరు లేకుండా ఎట్లా బతికినాడంటారా? పెండ్లాం ఎట్లాగూ మొగుని పేరు పెట్టి పిలవదు, ఆమెకేం తక్కువాయ! ఊరోళ్లు కుంటాయన అనిరి, సరిపాయ. నేను ఆ ఇంటి ఆడపడుచునే. మా ఇండ్లలో ఆ పేరు ఎవురికీ పెట్టరు, మద్దేనం అన్నంకాడ ఎవురు పిలిచినా పలకరు. ఇప్పుడా కోటలో గోడలు కూడా మిగల్యా. మీకంత నవ్వుగా ఉంటే మద్దేనంపూట పోయి ఆ పేరు పిలిచి రాండి. పలికినాడో ల్యాదో నాకు మాత్రం చెప్పొద్దు, నేను అన్నం తింటా ఉంటా.