అబూ హలీఫాలో నలభై దినాల మంచు

మే నెల, మూడో శుక్రవారం. బయట నలభై నాలుగు డిగ్రీలు. మా ఇంట్లో సోఫా మీద ఇద్దరు పిల్లోల్లు స్వెట్టర్లేసుకొని, మంకీ టోపీలు పెట్టుకొని, చెమటలు కార్చుకుంటా కూర్చోనుండారు. ఎంత చెప్పినా తీయరంట. కువైట్ మంచు చూసినాకనే తీస్తారంట.

వాళ్ళు నా స్నేహితుడు సమీవుల్లా పిల్లోల్లు. పెద్దది మెహతాబ్, ఏడేండ్లు. చిన్నోడు నయీమ్, నాలుగు. ఎండాకాలం సెలవులకని వాళ్ళమ్మ సైరాతో కలిసి రాయచోటి నుంచి విజిట్ వీసా మీద ముందు రోజే దిగినారు. సమీవుల్లా ఉండేది మహబూలాలో, ఒకే రూములో ఆరుగురితో. ఆడ సంసారం పెట్టేదానికి కాదు కాబట్టి అబూ హలీఫాలో మా ఫ్లాటులో ఒక రూము ఇచ్చినాం. నేను రామాంజులు, ఏసీ మెకానిక్కును. నా భార్య వెంకటేశ్వరి. మాకు రెండేండ్ల కొడుకు, పేరు మునీంద్ర.

సమీవుల్లా పని అర్దియాలో ఒక కోల్డ్ స్టోరేజీలో. మైనస్ పద్దెనిమిదిలో గడ్డకట్టిన కోళ్ళ పెట్టెలు ఎత్తి దించేది. రెండేండ్లుగా మధ్యాన్నం డ్యూటీ నడుమ ఆ దొడ్డు కోటుతోనే ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. గోడకు పట్టిన మంచు గీకి చేతిలోకి తీసుకొని, "చూడండి, కువైట్లో మంచు పడతాంది" అని పిల్లోల్లకు చూపిస్తాడు. ఈ సంగతి నాకు తెలుసు. ఒకసారి వద్దని కూడా చెప్పినా. ఆయప్ప నవ్వి ఊరుకున్యాడు.

స్వెట్టర్లతో పోయింటే మేమూ నవ్వుకొని వదిలేసేటోళ్ళం. మెహతాబ్ ఒడిలో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత మీద వాళ్ళ దాదీ పేరు, బిస్మిల్లా బీ అని కొట్టించింటారు. దాంట్లో కువైట్ మంచు తెస్తానని ఆ పిల్ల క్లాసులో అందరి ముందర మాటిచ్చింది. ఫరీదా అని ఒక పిల్ల ఉందంట, దాని నాయన కూడా ఈడ్నే డ్రైవరు. కువైట్లో మంచూ లేదు మన్నూ లేదు, మీ అబ్బా అబద్ధాలకోరు అనిందంట. పందెం కట్టినారు. బడి తెరిచినపొద్దు డబ్బాలో మంచు చూపియ్యకుంటే మెహతాబ్ బెంచీ ఎక్కి, "మా అబ్బా అబద్ధాలకోరు" అని గట్టిగా మూడు సార్లు చెప్పల్ల.

"మంచు యాడ అబ్బా?" అనడిగింది మెహతాబ్.

సమీవుల్లా టీ గ్లాసు చేతిలోకి తీసుకున్యాడు. ఊదినాడు. ఒక గుక్క తాగినాడు. నేను అనుకున్యా, ఇప్పుడన్నా నిజం చెప్తాడని.

"ఐదు దినాలు ముందొచ్చింటే చూసిందురు గదా తల్లీ. పోయిన ఆదివారంతో ఖలాస్, అంతా కరిగిపాయ. నమ్మకుంటే బాల్కనీలో చూడు, ఇంగా కారతానే ఉంది."

పిల్ల పోయి చూసొచ్చింది. ఆడ కారేది మా ఏసీ పైపు. దాన్ని బిగించింది నేనే.

"కారతాంది," అనింది వచ్చి.

"చూసినావా? నేను గొప్పలు చెప్పే మనిషిని కాదు. జరిగిందాంట్లో సగమే చెప్తా. ఈసారి చలికాలం డిసెంబర్లో వచ్చింది, ఇంగ పోనే పోల్యా. ఏప్రిల్ ఒకటో తేదీ మంచు మొదలాయ. మొదటి దినం ఏమంత లేదు. పొద్దున్నే నేను ఈ ఇంటికి వస్తే మెట్ల మీద జానెడు మంచు. రామాంజులన్న గడప కాడ నిలబడి, కాలు పెట్టల్నా వద్దా అని చూస్తాండాడు. నేనేం చేసినా, చీపురు తీసుకొని నాలుగంతస్తుల మెట్లూ ఊడ్చేసినా. అంతే. దాన్నేం పెద్దగా చెప్పుకునే పని లేదు. అవునా కాదా అన్నా?"

పిల్ల నా మొగం చూసింది. ఒడిలో డబ్బా ఉంది. జానెడే గదా అని నేను తలకాయ ఊపినా. అదే నేను చేసిన తప్పు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరుసనాడు మొదటి అంతస్తు మునిగిపాయ. ఆ మరుసనాడు రెండోది. ఐదో దినం ఈ వాకిలి తెరిస్తే ఎదురుగా తెల్లగా గోడ. ఇంగ కిటికీలోంచి రావడం, కిటికీలోంచి పోవడం. రోడ్డు మీద నడుస్తాంటే కాళ్ళ కింద యాడో కార్లు హారన్ కొడతాండాయి, పాపం, లోపల ఉండేటోళ్ళకు సిగ్నల్ పడిందో లేదో కూడా తెలీదు."

"మరి నీళ్ళెట్ల?" అనడిగింది సైరా. ఆయమ్మ మొగంలో నవ్వు లేదు, గొంతులో ఉంది.

"మంచి మాట అడిగినావు. కొళాయి తిప్పితే నీళ్ళు కడ్డీ మాదిరి దిగుతాండె. వెంకటేశ్వరి చెల్లెమ్మ కత్తిపీట ముందరేసుకొని, వచ్చిన నీళ్ళను వచ్చినట్టే కోసి బిందెలో నిలబెడతాండె. పక్కింటోళ్ళు వచ్చి, 'మూరెడు నీళ్ళియ్యమ్మా, పిల్లోనికి పాలు కలపల్ల' అంటే, మల్లెపూలు కొలిచినట్ల మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి ఇస్తాండె. అవునా కాదా చెల్లెమ్మా?"

"పూలమ్మేదాని మాదిరి చేయి ముడుచుకొని కొలవల్యా నేను. నిండు మూర ఇచ్చినా," అనింది నా భార్య.

నేను ఆయమ్మ తట్టు చూసినా. చూడనట్ల ఉండిపాయ.

"ఇంగ ఈ మునీంద్రగాని సంగతి. చిన్నపిల్లోడు గదా, ముక్కు కారతాది. కారింది కారినట్లే గడ్డకట్టి, రెండు పక్కలా ఏనుగు దంతాలు మొలిచినట్ల ఉండె. వాటితోనే వాడు బిస్కెట్ పొట్లాలు చించుకుంటాండె. నేను దినామూ పొద్దున వచ్చి సుత్తి తీసుకొని, వానికి తెలీకుండా టక్కున ఒక దెబ్బ, దంతాలు ఊడిపోతాండె. సాయంత్రానికి మళ్ళా మొలుస్తాండె."

నయీమ్ నవ్వి నవ్వి సోఫా మీది నుంచి కిందికి జారినాడు. మునీంద్ర చాప మీద కూర్చోని టీవీ రిమోటు కొరుకుతాండాడు, వాని పేరు వినపడినప్పుడల్లా తలెత్తి చూస్తాండాడు. మెహతాబ్ మాత్రం నవ్వల్యా. డబ్బా మూత తీస్తాంది, మూస్తాంది.

"బడులు మూసేసినారు. బిల్డింగులో పిల్లోల్లంతా ఇండ్లల్లోనే. ఒకటే పోరు, ఒకటే ఏడుపు, తల్లుల ప్రాణం తీస్తాండారు. ఎన్ని దినాలని బొమ్మలు చూపిస్తారు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రామాంజులన్న నీలి గళ్ళ లుంగీ ఉతికి బాల్కనీలో ఆరేసినారు. తెల్లారి చూస్తే రేకు మాదిరి బిగుసుకపోయింది, తడితే టంగుమంటాది. నేను దాన్ని తీసుకొచ్చి ఇదో, ఈ కిటికీలోంచి వాలుగా పెట్టి, ఎనిమిది మంది పిల్లోల్లను వరసగా కూర్చోబెట్టి, యల్లా అని ఒక తోపు తోసినా. ఈడ జారినోళ్ళు సముద్రం దాకా ఆగల్యా."

"సముద్రంలో పడిపోయినారా?" అన్నాడు నయీమ్.

"సముద్రం యాడుందిరా? అది కూడా గడ్డకట్టిపాయ గదా. అట్లే దాని మీద జారుకుంటా ఫైలకా దీవి దాకా పోయి, దాన్ని ఒక చుట్టు చుట్టుకొని, మధ్యాన్నం బువ్వ టయానికి ఇంటికొచ్చినారు."

"లుంగీని ఎవరు తిప్పినారు?"

"వీడే, మునీంద్ర. ముందర కూర్చోనుండె గదా."

అందరూ మునీంద్రను చూసినారు. వాడు రిమోటు కింద పెట్టినాడు.

"అవునా కాదా అన్నా? నీ లుంగీనే గదా?"

ఇంతదూరం వచ్చినాక లేదని ఎట్ల చెప్తా? "నాదే," అంటి. "అంచు కొంచెం చినిగింది."

ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు. వెంకటేశ్వరి పైట నోటికి అడ్డం పెట్టుకొనింది.

"ఎడారి కూడా మునిగిపాయ, ఒంటెలకు మేత లేదు. ఒకపొద్దు మేమందరం తింటా కూర్చోనుంటే నాలుగో అంతస్తులో, ఇదే కిటికీలో, ఒంటె తలకాయ. మంచు మీద నడుచుకుంటా వచ్చేసింది. చెల్లెమ్మ జాలిపడి సంగటి ముద్ద పెట్టింది. తినింది. తిని పోవల్ల గదా? పోదు. గిన్నె తట్టే చూస్తాంది. నంజుకునేదానికి చెనిక్కాయల ఊరిబిండి వేసినాక పాయ. మరుసనాడు చుట్టాలను పిల్చుకొచ్చింది, పద్నాలుగు ఒంటెలు. నేను ఎక్కువ చెప్పడంల్యా, సగమే చెప్తాండా. చలి మైనస్ నలభైకి దిగింది."

మెహతాబ్ అప్పుడు నోరు తెరిచింది. "అంత చలిలో చిన్నపిల్లోల్లు ఎట్ల బతికినారు అబ్బా?"

నేను దగ్గినా. చాలు ఆపు అని. సమీవుల్లా ఆగేటట్టు లేడు. కండ్లు మెరుస్తాండాయి.

"నేనుండంగా వాళ్ళకేమయితాది? నాకొక ఆలోచన తట్టింది. బయట మైనస్ నలభై. మా కోల్డ్ స్టోరేజీలో మైనస్ పద్దెనిమిది. లోపల ఎంత వెచ్చగా ఉంటాదో నువ్వే లెక్కేసుకో. అబూ హలీఫా పిల్లోల్లు, మహబూలా పిల్లోల్లు, మొత్తం మూడు వందల మందిని ఆ పద్నాలుగు ఒంటెల మీద ఎక్కించుకొని అర్దియాకు తీసుకపోయినా. తలుపు తీస్తానే వెచ్చటి గాలి మొగానికి కొట్టింది. పిల్లోల్లు లోపల కాలు పెడ్తానే ఉక్కపోస్తాందని స్వెట్టర్లు విప్పి పారేసినారు. ఫ్యాను వెయ్యమని గోల."

"ఆడ ఫ్యాన్లు ఉంటాయా?"

"ఉండకేం, పైకప్పుకు ఇంతింత లావువి మూడు."

"లైట్లు?"

"ట్యూబులైట్లు, రెండు వరసలు. సూది పడినా కనపడతాది."

"మరి పిల్లోల్లు యాడ పండుకున్యారు?"

"అట్టపెట్టెల మీద. ఒకటా రెండా, గోడకు ఆనించి కప్పు దాకా పెట్టెలే. ఒక్కో పెట్టెలో పది కోళ్ళు."

"పెట్టె మీద ఎర్ర జుట్టు కోడి బొమ్మ ఉంటాదా? ఒక కన్ను మూసుకొని?"

"ఉంటాది, దాని కింద..." అని సమీవుల్లా ఆగిపాయ.



"నువ్వు వీడియో కాల్ చేసినప్పుడల్లా నీ వెనకాల ఆ కోడి కన్ను కొడతాంటాది అబ్బా," అనింది మెహతాబ్. "మంచు ఆకాశంలోంచి పడతాదని మా టీచరు చెప్పింది. నీ ఆకాశంలో రెండు వరసల ట్యూబులైట్లు ఉంటాయి. రంజాన్ అప్పుడు ఒకటి కాలిపోయింది. పండగకు మార్చినారు."

"అబ్బా కోళ్ళ ఫ్రిజ్జులో పంజేస్తాడా?" అన్నాడు నయీమ్ వాళ్ళమ్మ కొంగు పట్టుకొని. సైరా వాని నోరు మూసింది.

సమీవుల్లా గ్లాసు కింద పెట్టినాడు. నాకు సిగ్గయింది, లుంగీ అంచు దాకా ఒప్పుకున్యోన్ని నేనే గదా.

"ఏం చెప్పల్ల తల్లీ," అన్నాడు. "తలుపేసిన గదిలో దినమంతా పెట్టెలు మోస్తాండానంటే మీకు వినేదానికి ఏముంటాది? మొదటిసారి ఆ గోడ మీది మంచు చూపిస్తే నువ్వు చప్పట్లు కొట్టినావు. ఇంగ నా నోరు నిలబడల్యా. నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఒకటో తరగతిలోనే."

"మరి ఈ స్వెట్టర్లు, ఈ టోపీలు ఎందుకే?"

"ఫరీదా బస్టాండు దాకా వచ్చి చూస్తాండె. ఈడికొచ్చినాక నువ్వు ఏం చెప్తావో విందామని తీయల్యా."

"ఇప్పుడు బడిలో బెంచీ ఎక్కి మూడు సార్లు చెప్తావా?" అనడిగినాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

మెహతాబ్ మంకీ టోపీ తీసింది. తమ్మునిది కూడా తీసింది. వాని వెంట్రుకలు తడిసి తలకు అతుక్కపోయినాయి. డబ్బా తెచ్చి వాళ్ళ నాయన ఒడిలో పెట్టింది.

"రేపు డ్యూటీకి దీన్ని తీసుకపో. గోడ మీది మంచు నింపుకొని రా. అది కువైట్ మంచే గదా."

"రాయచోటికి పొయ్యేలోపల నీళ్ళయిపోతాదే."

"నాకు తెలుసు. నీళ్ళే చూపిస్తా. ఐదు దినాలు ముందు బడి తెరిచింటే చూసిందురు, మీరే ఆలస్యం చేసినారు అని చెప్తా."

సైరా అప్పుడు నవ్వింది, గట్టిగా. పిల్ల నా తట్టు తిరిగింది.

"మామా, ఆ లుంగీ కూడా ఇయ్యి. చినిగిన అంచు ఫరీదాకు చూపియ్యల్ల."

నా లుంగీకి చిరుగు యాడుంది? నేను నీళ్ళు నములుతాంటే వెంకటేశ్వరి లేసి, బాల్కనీలో ఆరేసిన నీలి గళ్ళ లుంగీ తీసుకొచ్చి, నా ముందరే అంచు పట్టుకొని పర్రున చించి, మడతపెట్టి పిల్ల చేతికిచ్చింది. మొన్ననే కొన్న లుంగీ అది.

"ఒంటె సంగతి మాత్రం మార్చల్ల," అనింది మెహతాబ్ లుంగీ సంచిలో పెట్టుకుంటా. "నాలుగో అంతస్తు అంటే ఫరీదా నమ్మదు. తొమ్మిదో అంతస్తు అంటా."

"ఈ బిల్డింగుకు ఉండేదే ఆరంతస్తులు గదే," అన్నాడు సమీవుల్లా.

"నేను సగమే చెప్తాండా అబ్బా," అనింది.