గాల్లో సాక్ష్యం

హాంబర్గ్ దగ్గరి గడ్డి మైదానం నుంచి ఉత్తరానికి ఎగిరిన రెండు సీట్ల విమానం. నడుపుతున్నది జయసాగర్. పక్క సీట్లో భార్య సిల్వీ. ఇద్దరి చెవులకీ హెడ్‌సెట్లు.

“ఆ మెసేజ్ మళ్లీ చదువు.”

“ఎన్నిసార్లు చదవనండీ! ‘డెన్మార్క్‌కి స్వాగతం’ అన్నాడు ఫోన్ కంపెనీవాడు. కింద కాల్ రేట్లు కూడా ఇచ్చాడు. అవీ చదవనా?”

“అక్కర్లేదు.”

“అంటే జర్మనీ దాటేశామా?”

“దాటేశామని కాదు. కొంచెం అటు వెళ్లుంటాం. వాన మబ్బొచ్చిందని పక్కకి తిప్పా కదా, అప్పుడు.”

“కొంచెం దాటడం ఏంటండీ? దేశమా, పక్కింటోళ్ల పెరడా?”

“సిల్వీ, కాసేపు ఊరుకో. దారి చూసుకోనీ.”

“ఏం పెట్టి చూస్తారు? మీ ట్యాబ్ ఎప్పుడో చచ్చింది. ఛార్జింగ్ పెట్టుకోండీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నానా లేదా?”

“కొట్టుకున్నావు తల్లీ. నీ ఫోన్లో మ్యాప్ వచ్చిందా?”

“నీలం చుక్క వచ్చింది. చుట్టూ ఏమీ లేదు, అంతా తెలుపే.”

“ఇంత ఎత్తులో నెట్ ఉండదులే.”

“మరి మెసేజ్ ఎలా వచ్చిందంట?”

“అది… అది వస్తుంది ఒక్కోసారి.”

“ఏవండీ, కిందకి చూడండి. ఆ ఎర్ర పెంకుల బిల్డింగు ముందు. జెండా మీద సిలువ!”

“ఏ రంగు?”

“జెండా ఎరుపు, సిలువ తెలుపు.”

“అయిపోయింది. డెన్మార్కే.”

“అయ్యో ప్రభువా. ఇలా వచ్చేముందు ఎవరికైనా చెప్పాలా?”

“ఫ్లైట్ ప్లాన్ అని ఒకటి ఇవ్వాలి. ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పుడు చేరతాం అని. కొన్ని బోర్డర్లకి కావాలి, కొన్నిటికి అక్కర్లేదు.”

“దీనికి?”

“ఆ మబ్బు ఎటు పోతోందో చూడు.”

“దీనికి కావాలా, అక్కర్లేదా?”

“చూసుకోలేదు. దాటాలనుకుని బయల్దేరితే కదా చూసుకోడానికి!”

“అయితే వెనక్కి తిప్పండి.”

“వెనకాల చూడు ఓసారి.”

“అమ్మో! ఇందాకటి పొలాలేవండీ? మొత్తం మూసుకుపోయింది!”

“వాన. దాంట్లోకి వెళ్తే నేలేదో ఆకాశమేదో తెలీదు. కింద నేల కనపడితేనే నడపమని నా లైసెన్సు.”

“ముందుకి పోనీండి.”

“ముందు సముద్రం.”

“పెట్రోలుందా?”

“ఉంది.”

“ఎంతుంది?”

“ఉంది, సిల్వీ.”

“ఎంతుందీ అంటే ఉందంటారేంటండీ! పిల్లాణ్ణి, జోనాని, పక్కింటి నబీలా వాళ్లింట్లో వదిలొచ్చాం. భోజనం టైముకి వచ్చేస్తామని చెప్పొచ్చాం వాడికి.”

“దిగడానికి చోటు దొరికేదాకా సరిపోద్ది. కాకపోతే తొందరగా దొరకాలి.”

“రేడియోలో అడగండి మరి! దారి తప్పామని చెప్తే వాళ్లే చూపిస్తారని మీరే కదా గొప్పగా చెప్పేవాళ్లు?”

“అడగచ్చు.”

“అడగండి.”

“అడుగుతాను. ముందు ఆ తీరం వెంబడి ఓసారి చూసి…”

“ఇందాకట్నించీ తీరమే చూస్తున్నాం. ఏం, ప్లాన్ లేకుండా దాటితే జైల్లో వేస్తారా?”

“జైలేంటి నీ మొహం. మహా అయితే వివరణ రాసిమ్మంటారు. ఫైన్ వేస్తారేమో.”

“కట్టేద్దాం. అడగండి.”

“నువ్వు అనుకున్నంత తేలిక కాదు.”

“తేలికని మీరే అన్నారు ఇప్పుడు! ఏవండీ, ఇటు చూడండి. ఆ చెయ్యి ఎందుకు వణుకుతోంది?”

“ఇంజను అదురుతుంది కదా, అందుకు.”

“పన్నెండేళ్లు వార్డులో నర్సు పని చేసిందాన్ని. ఇంజను అదురు వేరు, మనిషి వణుకు వేరు. ఏం దాస్తున్నారు?”

“పేరడిగితే కాగితాలన్నీ తీస్తారు సిల్వీ. లైసెన్సూ, ఆరోగ్యం బాగుందని డాక్టరిచ్చే మెడికలూ, అన్నీ.”

“తియ్యనీండి. ఉన్నాయి కదా?”

“లైసెన్సుంది.”

“మెడికల్?”

“టెర్మిన్, అదే డాక్టరు అపాయింట్‌మెంట్, దొరకలేదు.”

“ఏవండీ.”

“నిజంగానే! డాక్టరు సెలవులో…”

“మెడికల్ ఎప్పుడు అయిపోయింది?”

“వేసవిలో.”

“వేసవిలోనా? ఇప్పుడు అక్టోబరు! అప్పట్నించీ మెడికల్ లేకుండానే ఎగురుతున్నారా? పోయిన వారం జోనాని ఎక్కించుకున్నారే!”

“రక్తం తీస్తారు. షుగర్ బయటపడుతుంది. నాకు తెలుసు అదుందని. మా నాన్నకీ ఇలాగే మొదలైంది, రాత్రిళ్లు నీళ్లు తాగడం. బయటపడితే లైసెన్సు లాగేసుకుంటారేమోనని భయం వేసింది.”

“ఇంట్లో నర్సుని పెట్టుకుని షుగర్ దాస్తారా! టెస్టు చేస్తానని సూది పట్టుకుని వెనకాల తిరిగితే, ప్రార్థనలో ఉన్నాను అన్నారు కదండీ! దేవుడి పేరు చెప్పి అబద్ధం!”

“తప్పే. నాకు వేరే ఏముంది చెప్పు? వారమంతా కంటైనర్ల షెడ్యూళ్లు చూస్తూ ఆ స్క్రీన్ ముందు చస్తాను. శనివారం ఇక్కడికొస్తేనే బతికున్నట్టుంటుంది. ఇదీ తీసేసుకుంటే నేనేం చేసుకోను?”

“ముందు బతికి కిందకి దిగితే కదా ఏం చేసుకోవాలో చూడ్డానికి! నా కడుపు మండిపోతోంది, కానీ ఇప్పుడు తిట్టే ఓపిక లేదు. ఈ ఎర్ర బటన్ నొక్కితేనేనా మాట్లాడేది?”

“నొక్కకు!”

“నేనే మాట్లాడతాను. బయల్దేరేటప్పుడు మీరు కలిపింది జర్మనీ వాళ్లనే కదా, మీ జర్మన్ కన్నా నాదే నయం.”

“సరే, సరే. మాట్లాడు. కానీ క్లుప్తంగా. దారి తప్పాం, ఎక్కడ దిగాలి, అంతే. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు మొదట్నించీ మొదలెట్టకు.”

“సాక్ష్యం గురించి మీరు నాకు చెప్పకండి. సగం నిజం చెప్పి సాయం అడగడం నాకు చేతకాదు.”

“సిల్వీ…”

“హలో! హలో, వినపడుతోందా?”

*(రేడియోలో, విమానాలకి దారి చూపే ఆఫీసు నుంచి ఆడగొంతు. ఇక్కణ్ణించి సిల్వీ, ఆమె మాట్లాడుకునేది జర్మన్‌లో.)*

“వినపడుతోంది. చెప్పండి.”

“నా పేరు సిల్వీ. నేను పైలట్‌ని కాదు, పైలట్ భార్యని. వాన మబ్బు తప్పించుకోబోయి ఫ్లైట్ ప్లాన్ లేకుండా డెన్మార్క్‌లోకి వచ్చేశాం. తప్పు మాదే.”

“సిల్వీ, చాలు! వదులు బటన్!”

“పెట్రోలు తక్కువుంది. మా ఆయన చెయ్యి వణుకుతోంది. ఆయనకి షుగర్ ఉందేమో, అది బయటపడుతుందని వేసవి నుంచి మెడికల్ చేయించుకోలేదు. మాకొక కొడుకున్నాడు. దయచేసి దిగడానికి చోటు చూపించండి.”

“కంగారు పడకండి. మీరు నాకు రాడార్ తెర మీద కనిపిస్తున్నారు. ఎడమవైపు మెల్లగా తిరగమనండి. గాలిమరల వరస దాటగానే రన్‌వే ఉంది, ఖాళీగానే ఉంది.”

“ఏవండీ, ఎడమకి! గాలిమరలు దాటాక!”

“కనపడింది! కనపడింది సిల్వీ!”

“స్తోత్రం ప్రభువా, స్తోత్రం! అమ్మా, మీ మేలు మర్చిపోను. అక్కడ డెన్మార్క్ పోలీసులు వస్తారా?”

“ఎందుకు? మీరు జర్మనీలోనే ఉన్నారు. సరిహద్దు దాటనే లేదు.”

“మెసేజ్ వచ్చిందండీ! జెండా కూడా చూశాం!”

“అవతలి టవర్ సిగ్నల్ ఇక్కడి దాకా వస్తుంది. ఆ జెండా ఇక్కడ తరాలుగా ఉంటున్న డేనిష్ వాళ్ల బడిది.”

“ఏవండీ, మనం అసలు దాటనే లేదంట! జర్మనీలోనే ఉన్నామంట!”

“హమ్మయ్య! నే చెప్పలా? ప్లానూ అక్కర్లేదు, వివరణా అక్కర్లేదు. బతికిపోయాం. థాంక్స్ చెప్పి పెట్టేయ్.”

“చాలా థాంక్సండీ.”

“ఫర్వాలేదు. జాగ్రత్తగా దిగండి. దిగాక పైలట్‌ని విమానం దగ్గరే ఉండమనండి. ఆ మెడికల్ సంగతి మాట్లాడ్డానికి మనిషి వస్తున్నాడు.”