గంప రాపిడి కాదు

వేట మానుకుని సూర్యలంక నుంచి వచ్చిన అయ్యలారా, గంపలు ఇంట్లో వదిలి వచ్చిన అమ్మలారా, బాపట్ల పెద్దలారా! చేపలమ్మే మనిషికి సంతాప సభేంటని బజార్లో ఎవరో అన్నారట. ఎందుకు ఉండకూడదండి? ఇన్నేళ్లు ఈ ఊరి కంచాల్లో కూర వడ్డించిన మనిషి గంగరత్నం. ఆమె కోసం ఇంతమంది వచ్చారు. దుఃఖంలోనూ నాకు సంతోషంగానే ఉంది, దాచుకోను.

ఆమెకు వైద్యం చేసిన డాక్టరును నేనే. పంతొమ్మిది వందల అరవై ఏడులో రొమ్ములో గడ్డని నా దగ్గరికి వచ్చింది. క్యాన్సరని తేలి, గుంటూరులో ఆపరేషన్ అయింది. కట్టు విప్పీ విప్పకముందే గంపెత్తింది. నేను కేకలేస్తే, ఇంత పండుగప్ప చేప తెచ్చి మా వంటింట్లో పడేసి నా నోరు మూయించింది.

ఐదేళ్లు బాగానే గడిచాయి. తర్వాత తలమీద రూపాయంత మేర జుట్టు ఊడింది. గంప మోసేవాళ్లకు నెత్తిన జుట్టు పలచబడుతుంది కదా! పేటలో అందరూ గంప రాపిడే అన్నారు. ఆముదం రాశారు. గంప కింద పెట్టుకునే గుడ్డచుట్ట మెత్తనిది చేసిచ్చారు. ఎవరిని తప్పుపడతాం? రొమ్ములో జబ్బు తలకు పాకుతుందని ఎవరనుకుంటారు? కానీ ఆ మచ్చ నడినెత్తిన లేదు, చెవి పైన ఉంది. అక్కడ గంప ఆనదు. నొప్పి లేదు, దురద లేదు. వేలు పెడితే చర్మం నున్నగా, గట్టిగా తగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపాం. పాత జబ్బే! ఎముకలకో ఊపిరితిత్తులకో పోవడం మామూలు. అరుదుగా ఇలా తలచర్మానికీ, కంటికీ, కడుపుకీ కూడా పోతుంది.

చెప్పగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని తిన్నగా బజారుకు పోయింది. గంప దించి, ముసుగు తీసి, తోటి ఆడవాళ్లకు ఆ మచ్చ చూపించింది. "సిగ్గుపడి చస్తే లాభమేంటి? ఎవరికి వాళ్లు తడుముకు చూసుకోండే" అంది. తెనాలి వెళ్లినా, రేపల్లె వెళ్లినా ఇదే పని! బస్సులో కండక్టరు విసుక్కుంటే, అతని భార్యను కూడా నా దగ్గరికి పంపించింది. అలా వచ్చినవాళ్లలో ఇద్దరికి జబ్బు మొదట్లోనే దొరికింది. వాళ్లు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

గుంటూరులో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని, మందులు మింగుతూ మరో రెండేళ్లు బతికింది. మనవణ్ణి ఎత్తుకుంది. మంచం పట్టేదాకా చేప రేటు దగ్గర నాతో పోట్లాడుతూనే ఉంది. తృప్తిగా బతికిందండి. దిగులల్లా ఒక్కటే. కూతురు ధనమ్మకు రొమ్ములో ఏదో తగులుతోంది. భయపడి ఆ పిల్ల చూపించుకోనంది. తల్లి బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. అయినా రాలేదు. "ఊరందర్నీ పంపించాను, నా పిల్లని పంపించలేకపోయాను డాక్టరమ్మా." నాతో ఆమె అన్న ఆఖరి మాట అది.

నిన్న ధనమ్మ వచ్చింది, తనంతట తానే. సూది పెడితే తేటగా నీరు వచ్చి, గడ్డ అక్కడికక్కడే అణిగిపోయింది. ఈ సంగతి సభలో చెప్పమని నన్ను అడిగింది కూడా ధనమ్మే.

ఇక అందరూ లేచి నిలబడండి. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. ఈ ఒక్క మాటా ఆమెకు వినబడనివ్వండి.

గంగరత్నం, నీ పిల్లకి ఏమీ లేదమ్మా.