ఒక్క మాటకు తోవ

పొడవకుండ్రి. మోచేతిల పొడిస్తే మాటలు రాలుతయా?

ఏందీ, నన్ను మాట్లాడుమంటున్రా? కారు అద్దం దించి, మా వాళ్లతోని, మా మాటలల్ల? అయ్యో, రామ్మోహనరావు గారూ! ముప్పై ఏండ్ల కాపురంల ఇయ్యాల మనసు పుట్టిందా నా భాష మీద?

జర చెమట తుడుసుకోండ్రి. పొద్దుగాల హైటెక్ సిటీల మీ ఆఫీసు డాక్టరు ఈసీజీ తీసి, బాగలేదు అన్నప్పుడు గూడ ఇంత చెమట పట్టలే. వాళ్లేం చేస్తున్రని? లింగంపల్లి చౌరస్తల తోవకడ్డంగ మూడు రాళ్లు పెట్టి, జై తెలంగాణ అనుకుంట వంట చేస్తున్రు. అన్నం ఉడుకుతుంటె గూడ భయమేనా?

మన ముందటి ఆటో చూసిన్రా? నిండు కడుపుతోని ఉన్న పిల్ల, "దవాఖానకు" అన్నది. ఇడిసిపెట్టిన్రు. ఒక్క మాట. గంతే.

మీరే అనుండ్రి.

నోరు తెరిస్తే ఆంధ్రా అని తెలుస్తదా? తెలిస్తే ఏమైతది? గుండెజబ్బోన్ని జిల్లా అడుగుతరా ఎవరన్న?

ఊహూ. మీకు వాళ్ల భయం కాదు. ఆ మాట అనాలంటేనే నామోషీ. పెండ్లయిన కొత్తల మీ అక్కయ్య ముందట నోరుజారి "దవాఖాన" అన్న. కాకినాడ కాకినాడంత నవ్వింది. సినిమాల రౌడీల భాష అంటిరి. గదిల కూసోవెట్టి, ఆస్పత్రి, ఆస్పత్రి అని బడిపిల్లకు చెప్పించినట్టు చెప్పిస్తిరి.

నేర్చుకున్న. మంచిగ నేర్చుకున్న. మా అవ్వ సచ్చిన నాడు మీద పడి, "వెళ్లిపోయావా అమ్మా" అని ఏడిస్తి. మా వాడకట్టు ఆడోళ్లు వాళ్ల ఏడుపు ఆపి నన్ను చూసిన్రు, టీవీల ఎవరో ఏడ్చినట్టు. అవ్వ నన్ను ముద్దుగ ఏదో పేరు పెట్టి పిలుస్తుండె. అది గూడ యాదికొస్తలేదిప్పుడు. ఎంత వెతికినా దొరుకుతలేదు.

ఇగో, ఒకామె గంటె చేతవట్టుకొని మన దిక్కే వస్తున్నది. చెప్పుండ్రి మరి! డాక్టరేమన్నడు? గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష ఇయ్యాల్నే కావాలె, రేపటిదాంక ఆగొద్దు అన్నడు. అది మాత్రం నాకు యాదికున్నది.

చేతులు జోడిస్తున్రా? నాకా? దించుండ్రి, బాగలేదు.

సరే, నేనే మాట్లాడుత. అద్దం దించుండ్రి.

"నమస్కారమండీ. అబ్బే, అర్జెంటు పనేం లేదండీ. మావారూ నేనూ ఊరికే అలా షికారుకని బయలుదేరామండి. పర్వాలేదండీ, వెనక్కి వెళ్లిపోతాం. మీరు కానివ్వండి."

వెళ్లిపోయిందామె. మీకూ నోరుందిగా, ఎందుకు తెరవలేదు?

కారు తిప్పండి. అలా చూస్తారేమిటండీ? ఎక్కడైనా ఒక్క మాట తప్పు పలికానా?